పసిబిడ్డ ఊపిరితిత్తుల్లో లేని నురగ: డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ నిజంగా చేసిన పని

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ చెల్లెలికి 30 వారాలకే పాప పుట్టింది. పుట్టగానే మూలుగుతూ డొక్కలు ఎగరేసింది. డాక్టర్లు గొంతులోకి సన్నటి గొట్టం వేసి పాలలాంటి తెల్లటి మందు ఒకటి పోశారు, తెల్లారేసరికి పాప తేరుకుంది. ఆ మందును అమెరికాలో ఒక మహిళా డాక్టర్ కనిపెట్టారని వార్డులో ఎవరో చెప్పారు. ఆమె ఎవరు, నిజంగా ఏం చేశారు, పాప ఊపిరితిత్తులు ఇక ఎప్పటికీ బలహీనంగానే ఉంటాయా అని మీరు అడుగుతున్నారు.

ఆమె పేరు డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ. ఆ మందును ఆమె తయారుచేయలేదు, అందులోని సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని మొదట గుర్తించినదీ ఆమె కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఊపిరాడక చనిపోవడానికి ఆ పదార్థం లేకపోవడమే కారణమని 1959లో కొలిచి చూపించినది ఆమె. ఆ తర్వాత వచ్చిన మందులూ పద్ధతులూ చాలావరకు ఆ ఒక్క నిర్ధారణ మీదే నిలబడ్డాయి. పాప ఊపిరితిత్తుల సంగతి చివర్లో చెబుతాను. క్లుప్తంగా చెప్పాలంటే, ఇలా తేరుకున్న పిల్లల్లో ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు.

నేను ఇరవై ఆరేళ్లుగా నవజాత శిశువుల వార్డుల్లోనే పనిచేస్తున్నాను. ఏవరీని ఎప్పుడూ చూడలేదు, కానీ ఆమె పని నా చేతుల మీదుగా నడవని వారం లేదు. అందుకే కొంచెం పెద్ద సమాధానమే రాస్తున్నాను.

మన ఇళ్లలో వినిపించే ఒక మాటతో మొదలుపెడతాను. పుట్టిన బిడ్డకు ఊపిరి కష్టమైతే మనవాళ్లు వెంటనే "ఉమ్మనీరు మింగింది" అంటారు. ఏ కారణంతో ఆయాసపడినా అదే మాట. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. 1950ల దాకా పెద్ద పెద్ద వైద్యులు కూడా ఇంచుమించు ఇదే అనుకునేవారు. చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తులను సూక్ష్మదర్శిని కింద చూస్తే గాలిగదుల గోడలకు గాజులా మెరిసే ఒక పొర అంటుకుని కనిపించేది. అందుకే ఆ జబ్బుకు హయలిన్ పొర వ్యాధి అని పేరు పెట్టారు. బిడ్డ ఉమ్మనీరో పాలో పీల్చుకోవడం వల్ల ఆ పొర ఏర్పడిందనీ, అదే ఊపిరి ఆపేసిందనీ వాదించేవారు. కంటికి ఒక పొర కనిపిస్తోంది, బిడ్డ చనిపోయింది, కాబట్టి పొరే దోషి. చాలామంది ఆ పొర ఎక్కడి నుంచి వచ్చిందని వెతుకుతూ ఏళ్లు గడిపారు.

ఏవరీ చూపు మరోవైపు పడింది. ఇతర కారణాలతో చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తుల్లో నురగ కనిపించేది. ఈ జబ్బుతో పోయిన బిడ్డల ఊపిరితిత్తుల్లో నురగ లేదు. ఉన్న పొరను కాదు, లేని నురగను ఆమె పట్టించుకున్నారు. నా దృష్టిలో ఆమె గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఉన్నదాన్ని చూడటానికి కళ్లు చాలు. లేనిదాన్ని గమనించాలంటే అక్కడ ఏం ఉండాలో ముందే తెలిసి ఉండాలి.

ఆమెకు అది ఎలా తెలిసిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఏవరీ 1927లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, కామ్‌డెన్‌లో పుట్టారు. వాళ్ల పక్కింట్లో ఎమిలీ బేకన్ అనే పిల్లల డాక్టర్ ఉండేవారు. ఆవిడను చూసే డాక్టర్ కావాలనుకున్నారు. కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో చేరి 1952లో పట్టా తీసుకున్నారు. ఆ తరగతిలో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. చదువు ముగిసిన కొద్దికాలానికే ఆమెకు క్షయ వచ్చింది. నెలల తరబడి మంచం మీద విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల మీద తన ఆసక్తికి ఆ జబ్బు కూడా ఒక కారణమని ఆమె తర్వాత చెప్పుకున్నారు.

కోలుకున్నాక జాన్స్ హాప్కిన్స్‌లోనే పిల్లల వైద్యంలో శిక్షణ పూర్తిచేసి, 1957లో బోస్టన్ వెళ్లారు. హార్వర్డ్‌లో జెరె మీడ్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. ఆయన ఊపిరితిత్తిని ఒక యంత్రంలా చదివిన మనిషి: ఎంత ఒత్తిడి పెడితే ఎంత గాలి వెళ్తుంది, వదిలేస్తే ఎంత మిగులుతుంది, ఇలాంటి లెక్కలు. మరోవైపు బోస్టన్ ప్రసూతి ఆసుపత్రిలో నవజాత శిశువుల మీద పరిశోధన చేస్తున్న క్లెమెంట్ స్మిత్ ఉన్నారు. పొద్దున ఊపిరాడని బిడ్డలు, తర్వాత ఒత్తిడి లెక్కలు. ఈ రెండూ ఒకే మనిషి తలలో కలవడం వైద్య చరిత్రలో అరుదు. లెక్కలు తెలిసినవాళ్లు బిడ్డలను చూడరు, బిడ్డలను చూసేవాళ్లకు లెక్కలు పట్టవు.

ఇప్పుడు ఆ లెక్క ఏమిటో చెబుతాను, ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. కూరగాయల కొట్లో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచి తడిస్తే తెరవడం ఎంత కష్టమో మీకు తెలుసు. రెండు పొరలూ అతుక్కుపోతాయి. నీటికి ఉండే ఈ లాగే గుణాన్ని తలతన్యత అంటారు, పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. మన ఊపిరితిత్తుల్లోని గాలిగదులన్నింటికీ లోపల సన్నటి తడిపొర ఉంటుంది. గది ఎంత చిన్నదైతే ఆ తడి దాన్ని అంత గట్టిగా మూసేయాలని చూస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ పేరుతో ఉన్న సూత్రం చెప్పేది ఇదే. పసిబిడ్డ గాలిగదులు ఎంత చిన్నవో ఊహించండి. ఊపిరి వదిలిన ప్రతిసారీ అవి మూసుకుపోవాలి. మళ్లీ తెరవాలంటే ప్రతి శ్వాసకూ మొదటి శ్వాసంత బలం కావాలి.

మరి నెలలు నిండిన బిడ్డకు అలా ఎందుకు జరగదు? కుంకుడుకాయ రసం గుర్తుచేసుకోండి. మామూలు నీళ్లను ఎంత చిలికినా నురగ నిలవదు, అందులో కుంకుడు రసం కలిస్తే నిలుస్తుంది. ఆ రసం నీటి తలతన్యతను తగ్గిస్తుంది, బుడగలు పగలకుండా ఉంటాయి. ఊపిరితిత్తి తన కుంకుడు రసాన్ని తానే తయారుచేసుకుంటుంది. అదే సర్ఫాక్టెంట్. గాలిగదుల గోడల్లో ఉండే ప్రత్యేక కణాలు కొవ్వు జాతి పదార్థాలకు కొన్ని ప్రొటీన్లు చేర్చి, ఉల్లిపొరల్లా చుట్టచుట్టి దాచుకుని, అవసరమైనప్పుడు గదిలోకి వదులుతాయి. ఊపిరి వదిలి గది చిన్నదైనప్పుడు ఈ పొర దగ్గరికి నొక్కుకుని తలతన్యతను దాదాపు సున్నాకు దించేస్తుంది. గది మూసుకుపోదు. గర్భంలో ఈ తయారీ సుమారు 24 వారాల ప్రాంతంలో మొదలై, 34, 35 వారాలకు గాని చాలినంత కాదు. మీ పాప పుట్టింది 30 వారాలకు.

ఏవరీ ఒక్కరే దీన్నంతా శూన్యం నుంచి కనిపెట్టారని రాసే వ్యాసాలను నమ్మకండి. 1929లోనే కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ అనే శాస్త్రవేత్త ఊపిరితిత్తిని గాలితో కంటే ద్రవంతో నింపడం తేలికని చూపించి, తలతన్యత సంగతి ఎత్తారు. ఆ పనిని దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. 1947లో పీటర్ గ్రూన్‌వాల్డ్ మృతశిశువుల ఊపిరితిత్తులను పరీక్షించి తలతన్యతే వాటిని తెరుచుకోనివ్వడం లేదన్నారు. 1955లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ పాటిల్ ఊపిరితిత్తి నురగలోని బుడగలు విచిత్రంగా పగలకుండా ఉండటం గమనించారు. ఆ తర్వాత జాన్ క్లెమెంట్స్. ఆయన మేరీల్యాండ్‌లోని ఎడ్జ్‌వుడ్‌లో అమెరికా సైన్యపు ప్రయోగశాలలో పనిచేసేవారు. యుద్ధంలో వాడే విషవాయువులు ఊపిరితిత్తిని ఏం చేస్తాయన్న ప్రశ్న నుంచి ఆయన ఇటు వచ్చారు. ఊపిరితిత్తి నుంచి తీసిన ద్రవం, అంటే దాని సారపు తలతన్యతను కొలవడానికి ఆయన ఒక తక్కెడ అమర్చారు: ఒక చిన్న తొట్టె, అందులో ద్రవాన్ని తాకుతూ వేలాడే పల్చని ప్లాటినం రేకు, ద్రవం పైభాగాన్ని దగ్గరికి నెట్టి మళ్లీ వెడల్పు చేసే అడ్డుపట్టీ. ఊపిరి పీల్చడం, వదలడం అన్నమాట.

ఏవరీ ఎడ్జ్‌వుడ్ వెళ్లి క్లెమెంట్స్‌ను కలిశారు. ఆ తక్కెడ ఎలా పనిచేస్తుందో నేర్చుకుని బోస్టన్‌లో అలాంటిదే తయారుచేసుకున్నారు. చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తుల సారాన్ని దాని మీద కొలిచారు. ఇతర కారణాలతో పోయిన, కొంత పెద్ద బిడ్డల సారం నొక్కినప్పుడు తలతన్యత బాగా కిందికి దిగింది. మరీ చిన్న బిడ్డలదీ, హయలిన్ పొర వ్యాధితో పోయిన బిడ్డలదీ దిగలేదు. 1959లో మీడ్‌తో కలిసి ఆ ఫలితాలు ప్రచురించారు. అప్పటికి ఆమె వయసు ముప్పై దాటి ఒకటి రెండేళ్లే.

ఆ ఫలితంతో కథ తలకిందులైంది. గాజు పొర కారణం కాదు, పర్యవసానం. సర్ఫాక్టెంట్ లేక గదులు ప్రతి శ్వాసకూ మూసుకుని మళ్లీ బలవంతంగా తెరుచుకుంటుంటే వాటి గోడలు దెబ్బతింటాయి, రక్తంలోని ద్రవం కారి గడ్డకడుతుంది. చచ్చిన కణాలూ ఆ ద్రవమూ కలిసి గట్టిపడినదే ఆ పొర. బిడ్డ ఏమీ మింగలేదు, ఏమీ పీల్చలేదు. తల్లి బరువు ఎత్తడం వల్లో, గ్రహణం రోజు బయటికి రావడం వల్లో ఇది రాలేదు. నేను ఈ మాటను వార్డు బయట అత్తగార్ల ముందు, అమ్మమ్మల ముందు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మీ చెల్లెలితో కూడా చెప్పండి. ఇలాంటి సమయంలో తల్లులు లోలోపల తమనే నిందించుకుంటూ ఉంటారు.

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి అయిదున్నర వారాల ముందుగా కొడుకు పుట్టాడు. పేరు పాట్రిక్. బరువు దాదాపు 2.1 కిలోలు. ఇవాళ మా వార్డులో ఆ బరువు, ఆ వారాలున్న బిడ్డ వస్తే మేం పెద్దగా కంగారుపడం. పాట్రిక్‌ను బోస్టన్‌కు తరలించి, అధిక పీడనంతో ఆక్సిజన్ ఇచ్చే గదిలో కూడా ఉంచి చూశారు. 39 గంటలు బతికాడు. ఏవరీ అధ్యయనం వచ్చి అప్పటికి నాలుగేళ్లు. కారణం తెలిసింది, చేతిలో మందు లేదు. ఆ రోజుల్లో ఒక్క అమెరికాలోనే ఏటా పదివేల మందికి పైగా బిడ్డలు ఈ జబ్బుతో పోయేవారు. దేశాధ్యక్షుడి బిడ్డకూ మిగతా బిడ్డలకూ తేడా ఏమీ లేకపోయింది. ఆ మరణం తర్వాత ఈ జబ్బు మీద ప్రజల దృష్టీ, పరిశోధనలకు డబ్బూ పెరిగాయి.

మీరు అనుకోవచ్చు: లేనిదేమిటో తెలిశాక దాన్ని బయటి నుంచి ఇస్తే సరిపోతుంది కదా? అందరూ అలాగే అనుకున్నారు. 1960లలో సర్ఫాక్టెంట్‌లోని ముఖ్యమైన కొవ్వు పదార్థాన్ని ఆవిరి తుంపరలుగా పీల్పించి చూశారు. ఫలితం రాలేదు. ఆ కొవ్వు ఒక్కటే ఉంటే గాలిగదుల్లో వేగంగా పరుచుకోదు, దాన్ని పరిచే ప్రొటీన్లు కూడా కావాలని అప్పటికి తెలియదు. 1972లో స్టాక్‌హోమ్‌లో యోరాన్ ఎన్‌హోర్నింగ్, బెంగ్ట్ రాబర్ట్‌సన్ నెలలు నిండని కుందేలు పిల్లల శ్వాసనాళంలో సహజ సర్ఫాక్టెంట్ పోసి, ఊపిరితిత్తులు తెరుచుకోవడం చూశారు. 1980లో జపాన్ డాక్టర్ తెత్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన పదార్థంతో పది మంది బిడ్డలకు చికిత్స చేసి మంచి ఫలితాలు చూపించారు. 1990లో అమెరికా ప్రభుత్వం మొదటి సర్ఫాక్టెంట్ మందుకు అనుమతి ఇచ్చింది. తక్కెడ మీద కొలిచిన రోజు నుంచి మందు సీసా దాకా 31 ఏళ్లు.

మీ పాపకు పోసిన మందు ఆ వంశంలోదే. ఇప్పుడు వాడేవాటిలో కొన్ని ఆవుల నుంచి, కొన్ని పందుల నుంచి తీసి శుద్ధిచేసినవి. కొన్ని కుటుంబాలు దీని గురించి అడగాలని ఉన్నా మొహమాటపడతాయి. అడగండి, తప్పులేదు, డాక్టర్ చెబుతారు. మేం చెప్పేది ఒక్కటే, ఆ నిర్ణయానికి గంటలు తీసుకోవద్దు. ఈ మందు ఎంత తొందరగా పడితే అంత మేలు.

ఇక రెండో దారి. నేను ఎక్కువగా మాట్లాడాలనుకునేది దీని గురించే. బిడ్డ పుట్టాక సర్ఫాక్టెంట్ పోయడం కంటే, బిడ్డే కడుపులో ఉండగా తయారుచేసుకునేలా చేయడం మేలు, చవక కూడా. న్యూజిలాండ్‌లో గ్రాహమ్ లిగ్గిన్స్ కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవడానికి గొర్రెల మీద పనిచేస్తుండగా, స్టెరాయిడ్ ఇచ్చిన ఒక గొర్రెపిల్ల బతకలేనంత ముందుగా పుట్టి కూడా ఊపిరి తీసుకోవడం గమనించి 1969లో రాశారు. ఏవరీ అప్పటికే ఈ దిశలో ఆలోచిస్తున్నారు. ఆమె బృందం 1970లో గొర్రె పిండాలకు స్టెరాయిడ్ ఇస్తే సర్ఫాక్టెంట్ ముందుగానే కనిపిస్తుందని నిరూపించింది. 1972లో లిగ్గిన్స్, రాస్ హోవీ 282 మంది తల్లుల మీద జరిపిన పరీక్షలో, స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారి బిడ్డల్లో 9 శాతానికి, తీసుకోనివారి బిడ్డల్లో 25.8 శాతానికి ఈ జబ్బు వచ్చింది. తొలి వారం మరణాలు 3.2 శాతం, 15 శాతం. ఇంత తేడా చూపిన తర్వాత కూడా నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదమున్న తల్లులకు ఆ ఇంజెక్షన్ ఇవ్వాలని అమెరికా ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు గట్టిగా చెప్పడానికి 1994 దాకా పట్టింది. ఆ మధ్య ఇరవై రెండేళ్లలో పోయిన బిడ్డల గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది.

మన దేశంలో 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. 24 నుంచి 34 వారాల మధ్య నెలలు నిండని కాన్పు తప్పదనిపిస్తే తల్లికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, నాలుగు డోసులు. పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసును ఏఎన్ఎం కూడా ఇవ్వవచ్చు. ఆ మందు ధర ఒక టీ ఖర్చుకు అటూఇటుగా ఉంటుంది. సర్ఫాక్టెంట్ ఒక్క డోసుకు వేలల్లో అవుతుంది.

నా అనుభవంలోని రెండు కాన్పులు చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒకే వారంలో రెండు కుటుంబాలు వచ్చాయి. ఇద్దరు తల్లులకూ 30 వారాలే, ఇద్దరు బిడ్డలూ కిలోమున్నర లోపే. మొదటి తల్లికి నొప్పులు మొదలవగానే వాళ్ల ఊరి ఏఎన్ఎం మొదటి ఇంజెక్షన్ ఇచ్చి, చీటీ మీద టైము రాసి అంబులెన్స్ ఎక్కించారు. మా దగ్గర మిగతా డోసులు పడ్డాయి, కాన్పు మూడో రోజు దాకా ఆగింది. ఆ బిడ్డకు ముక్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే సీపాప్ నాలుగు రోజులు చాలింది, సర్ఫాక్టెంట్ అవసరమే రాలేదు. రెండో తల్లి నొప్పులతో ఒక ఆసుపత్రిలో ఒక రోజంతా ఉన్నారు. ఆ ఇంజెక్షన్ మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చిన గంటకే కాన్పయింది. సర్ఫాక్టెంట్ రెండుసార్లు ఇచ్చాం, వెంటిలేటర్ పెట్టాం. మూడో రోజు రాత్రి బిడ్డ పోయాడు. ఆ తండ్రి "ఏం తక్కువైందండీ?" అని అడిగారు. ఆ రాత్రి ఆయనకు నేను చెప్పిన జవాబు పూర్తి నిజం కాదు. అప్పటి నుంచి మా దగ్గరికి బిడ్డలను పంపే ప్రతి చోటుకూ ఫోను చేసి ఆ ఇంజెక్షన్ గురించి చెప్పడం మానలేదు.

ఒక జాగ్రత్త. ఇది విని ప్రతి గర్భిణికీ ముందుజాగ్రత్తగా ఈ ఇంజెక్షన్ వేయించమనకండి. 2015లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, మన దేశంలోని కొన్ని ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి, కాన్పు ఎప్పుడో సరిగా అంచనా వేయకుండా, వారాలు సరిగా లెక్కించకుండా విరివిగా ఇచ్చిన చోట మేలు కనిపించలేదు, మొత్తం మీద శిశు మరణాలు కొంత పెరిగాయి కూడా. 2020లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, మన దేశంతో సహా అయిదు దేశాల్లో, వసతులున్న ఆసుపత్రుల్లో, స్కానింగుతో వారాలు నిర్ధారించి ఇచ్చినప్పుడు నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు ఒకటే, ఇచ్చిన తీరులోనే తేడా. అందుకే మొదటి మూడు నెలల్లో చేసే స్కానింగు కాగితం జాగ్రత్తగా దాచుకోమని చెబుతాను. వారాల లెక్కకు దాన్ని మించిన ఆధారం లేదు.

ఇంకో నమ్మకం కూడా ఇక్కడే చెప్పాలి. ఏడో నెలలో పుడితే బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే బతకదు అని మన పెద్దలు అంటారు. ఇది నిజం కాదు. గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తికి లాభమే.

ఏవరీ చేసిన మరో పని మన రెండు రాష్ట్రాలకు మరీ దగ్గరిది. నెలలు దాదాపు నిండి, సర్ఫాక్టెంట్ ఉండి కూడా కొందరు బిడ్డలు పుట్టగానే గబగబా ఊపిరి తీస్తూ ఆయాసపడతారు, రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఇది వేరే జబ్బు అని 1966లో ఆమె, ఆమె సహచరులు గుర్తించి రాశారు. గర్భంలో ఊపిరితిత్తి నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలైనప్పుడు విడుదలయ్యే హార్మోన్లు ఆ ద్రవాన్ని పీల్చేయమని ఊపిరితిత్తికి చెబుతాయి. నొప్పులు రాకముందే సిజేరియన్ చేస్తే ఆ కబురు అందదు, బిడ్డ తడి ఊపిరితిత్తులతో బయటికి వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అవసరమైన సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది, దాన్ని నేను తప్పుపట్టను. ముహూర్తం కోసం 37వ వారంలో చేయించే సిజేరియన్ మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. మంచి నక్షత్రంలో పుట్టిన బిడ్డ ఆ మంచి నక్షత్రమంతా ఆక్సిజన్ గొట్టం కింద గడపడం నేను చాలాసార్లు చూశాను. వైద్య కారణం లేనప్పుడు కనీసం 39 వారాలు నిండనివ్వండి. ముహూర్తం ఆ తర్వాతి రోజుల్లో వెతుక్కోవచ్చు.

ఆమె పదవులు, గౌరవాల గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. కెనడాలోని మాంట్రియల్ పిల్లల ఆసుపత్రిలో, తర్వాత 1974 నుంచి బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ప్రధాన వైద్యురాలిగా ఉన్నారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఒక పెద్ద వైద్య విభాగానికి అధిపతి అయిన తొలి మహిళ ఆమే. 1991లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం అందుకున్నారు. 2011 డిసెంబరులో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది 1987లో ఆమె బృందం చేసిన ఒక సర్వే. అప్పటికి వెంటిలేటర్లతో చిన్న బిడ్డలు బతుకుతున్నారు, కానీ చాలామందికి ఊపిరితిత్తులు దెబ్బతిని నెలల తరబడి ఆక్సిజన్ మీద ఉండిపోతున్నారు. ఆమె బృందం ఎనిమిది పెద్ద ఆసుపత్రుల లెక్కలు పక్కపక్కన పెట్టింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో ఆ నష్టం అందరికంటే తక్కువగా ఉంది. అక్కడ జెన్-తియెన్ వుంగ్ అనే మత్తుమందు వైద్యుడు బిడ్డలకు గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడానికి తొందరపడకుండా, మొదటి నిమిషాల నుంచే ముక్కు ద్వారా సీపాప్ ఇచ్చేవారు. గొట్టం మరో చివర నీటి సీసాలో ముంచితే బుడగలు వస్తుంటాయి, అంతే పరికరం. తన రంగంలో అంత పేరున్న ఏవరీ, ఎవరి దగ్గర బిడ్డలు బాగుంటున్నారో వెతికి చూసి, ఆ పద్ధతిని లోకం ముందు పెట్టారు.

ఆ బుడగల సీసా నా తొలి రోజుల్లో మాకు ప్రాణాధారం. సర్ఫాక్టెంట్ కొనలేని కుటుంబాలే ఎక్కువ, వెంటిలేటర్ ఒక్కటే ఉండేది. మేం సీసా మీద సెంటీమీటర్ల గీతలు గీసుకుని, గొట్టాన్ని అయిదో గీత దాకా ముంచి, రాత్రంతా బుడగల చప్పుడు వింటూ కూర్చునేవాళ్లం. చప్పుడు ఆగితే లేచి చూడాలి, గొట్టం ఊడిందని అర్థం. మీ పాప మూలిగిందన్నారు కదా, ఆ మూలుగు కూడా ఇదే పని చేస్తుంది. గాలి పూర్తిగా బయటికి పోకుండా, గదులు మూసుకోకుండా బిడ్డ తన గొంతుతో తానే అడ్డం పెట్టుకుంటుంది. 1971లో సీపాప్‌ను బిడ్డలకు మొదట వాడిన జార్జ్ గ్రెగరీ బృందం ఆ మూలుగు చేసే పనినే పరికరంతో చేసింది.

ఇక మీ అసలు ఆందోళన. ఒకటి రెండు డోసులతో తేరుకుని, వెంటిలేటర్ అవసరం లేకుండానో కొద్ది రోజుల్లోనో బయటపడిన బిడ్డల్లో ఊపిరితిత్తి కణాలు మొదటి వారంలోనే సొంతంగా సర్ఫాక్టెంట్ తయారుచేయడం మొదలుపెడతాయి. ఆ తర్వాత ఈ జబ్బు మళ్లీ రాదు. గాలిగదులు పుట్టిన తర్వాత కూడా కొన్నేళ్ల పాటు కొత్తవి ఏర్పడుతూనే ఉంటాయి. మొదటి రెండేళ్లు జలుబు చేస్తే త్వరగా ఆయాసంలోకి దిగవచ్చు, పిల్లికూతలు వినిపించవచ్చు. 28 రోజులు దాటినా ఆక్సిజన్ మీదే ఉన్న బిడ్డల సంగతి వేరు, వారికి ప్రత్యేకంగా చూపించుకుంటూ ఉండాలి.

ఇంటికి తీసుకెళ్లేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. నాలుగో వారానికి కంటి రెటీనా పరీక్ష జరిగిందా, లేకపోతే ఎప్పుడు? ఇది వాయిదా వేయకూడనిది, ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. టీకాలు ఏ తేదీల్లో? ఇవి పుట్టిన తేదీని బట్టే వేయించాలి, నెలలు నిండే దాకా ఆగకూడదు. తల్లి గుండెలకు హత్తుకుని పడుకోబెట్టే కంగారూ పద్ధతి ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు చేయాలి? ఆసుపత్రిలో ఉండగానే మీ చెల్లెలితో పాటు ఇంట్లో మరొకరు కూడా నేర్చుకోండి.

ఇంట్లో ఎవరూ పొగతాగవద్దు, వంటపొగ ఉన్న గదిలో పాపను ఉంచవద్దు. నలుగు పెట్టి స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయడం మన ఆచారం, పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. ఈ పాపకు మాత్రం మొదటి ఏడాది ఆ పొగ వద్దు. వాళ్లు ఒప్పుకోకపోతే, తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వచ్చేటప్పుడు అమ్మమ్మను కూడా వెంట తీసుకురండి. మేం నచ్చజెబుతాం.